సముద్రం మీద మనకూ పని ఉంది
(అమలాపురం మహిళా సదస్సులో ఒక విద్యార్థిని ప్రసంగ పాఠం)

మాది అంతర్వేది దగ్గర పల్లె. మా వైపు ఆడవాళ్ళు చేపలు ఎండబెడతారు, గంపలకెత్తి అమ్ముతారు. వేటకు మాత్రం వెళ్ళరు. నేను చదువులో భాగంగా పరిశోధన ఓడ ఎక్కుతానంటే "ఆడపిల్లవి, నడి సముద్రంలోనా?" అన్నారు ఇంట్లో.

ఓడలో మొదటి రెండు రోజులూ వాంతులే. అబ్బాయిలకూ అంతే! మూడోనాటి నుంచి రాత్రి డ్యూటీ చేశాను. ఇనుప చట్రానికి సీసాలు అమర్చి తీగతో లోతుకు దించుతాం. ఏ లోతున ఎంత వేడి, ఎంత ఉప్పు ఉందో పరికరం చెబుతుంది. గోదావరి, గంగ వంటి నదుల మంచినీరు బంగాళాఖాతం మీద తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. దాంతో అడుగు చల్లనీరు సులువుగా పైకి రాదు. పైనున్న వేడినీరే తుఫానుకు బలం. 1996 నవంబరు 6 మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరితోటలు నేలకూలాయి. మేం తీసే లెక్కలు అటువంటి రాత్రుల కోసమే.

మన దేశపు తొలి రెండు అంటార్కిటికా బృందాల్లో స్త్రీలు లేరు. 1983లో బయల్దేరిన మూడో బృందంలో సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా వెళ్ళారు. అయినా "ఓడలో ఆడవాళ్ళకు ఏర్పాట్లు లేవు" అంటూ ఒకచోట నా దరఖాస్తు తిప్పి పంపారు. మేమడిగేది గడియ ఉన్న గది, ఒక స్నానాలగది. అవి లేకపోతే ఏర్పాటు చేయాలిగాని అమ్మాయిని ఆపడమేమిటి?

మా నాన్నను ఒప్పించింది సంఘం అక్కలే. మీ ఊళ్ళో సైన్సు చదివే అమ్మాయిల ఇళ్ళకూ వెళ్ళండి. విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఈ చదువు ఉందని చెప్పండి.