పాత జీపు – అరిగిన కార్బురేటరు



పైర్ల సంగతి చెప్పే మనిషి ఇవాళ జీపు సంగతి ఎత్తుకున్నాడేమిటా అనుకుంటున్నారేమో! మన పల్లెలకూ జీపుకూ చుట్టరికం ఈనాటిది కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన తరువాత, బ్లాకు అధికారులు ఊరూరా తిరిగింది జీపుల మీదనే. ఆ రోజుల పెట్రోలు జీపులు నేటికీ కొందరు రైతుల కొట్టాల్లో ఉన్నాయి. తాతగారు కొన్నది, నాన్నగారు నడిపింది. అమ్మడానికి మనసు రాదు. తీస్తే తిన్నగా నడవదు. ఇటువంటి బండిలో తరచుగా పేచీ పెట్టేది కార్బురేటరు. అందులో అరిగిన భాగాలను గుర్తించడం ఎట్లా, మార్చుకోవడం ఎట్లా అనేది ఈ పూట చెప్పుకుందాం.

కార్బురేటరు చేసే పని ఒక్కటే. పెట్రోలును గాలిలో తగు పాళ్లలో కలిపి ఇంజనుకు అందించడం. 1 కిలో పెట్రోలు కాలడానికి దాదాపు 15 కిలోల గాలి కావాలి. గాలి తగ్గితే నల్లపొగ, పెట్రోలు దండుగ. గాలి ఎక్కువైతే బండికి బలం ఉండదు, ఇంజను వేడెక్కుతుంది.

ముందుగా నేను చేసిన తప్పు చెబుతాను. మా బంధువుల జీపు ఒకటి నల్లపొగ కక్కుతుంటే, డిప్లొమా చదివినవాణ్ణి కదా అని స్క్రూలు అటూ ఇటూ తిప్పాను. పొగ తగ్గలేదు సరికదా, కాసేపటికి పెట్రోలు వాసన గుప్పుమంది. ఇంజను ఆపి చూస్తే, కార్బురేటరు నుంచి చుక్కలు చుక్కలుగా కారి కాలే గొట్టం పక్కనే పడుతోంది. ఒక్క నిప్పురవ్వ చాలు, బండి మాట అటుంచి, కొట్టమే మిగిలేది కాదు. తప్పు స్క్రూలో లేదు. లోపల నీడిల్ అరిగిపోయింది. అరిగిన వస్తువును స్క్రూ తిప్పి బాగుచెయ్యలేం. ఈ మాట గుర్తుంచుకోండి.

పని మొదలుపెట్టే ముందు బండిని ఆరుబయట నిలిపి, ఇంజను చల్లారనివ్వండి. బ్యాటరీ తీగ ఊడదీయండి. బీడీ, చుట్ట, పొయ్యి దరిదాపుల్లో ఉండరాదు. విప్పిన ప్రతి ముక్కనూ వరుసగా ఒక పళ్లెంలో పెట్టుకోండి. ఇక ఒక్కొక్కటే చూద్దాం.

మొదటిది ఫ్లోటు, నీడిల్, సీటు. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో తేలే బంతి ఉంటుంది చూశారూ, ఇదీ అంతే. నిండగానే నీడిల్ దారి మూస్తుంది. నీడిల్ మొన చుట్టూ గాడి పడితే దారి మూతపడదు, పెట్రోలు పొర్లుతుంది. నీడిల్‌నూ సీటునూ జతగానే మార్చండి. అరిగిన సీటులో కొత్త నీడిల్ పెడితే మళ్లీ కారుతుంది. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల గలగలమంటే చిల్లు పడి పెట్రోలు చేరిందన్నమాట. దానికి మాటు వెయ్యాలని నిప్పు దగ్గరకు తీసుకుపోవద్దు. కొత్తది వేసుకోవడమే క్షేమం.

రెండవది జెట్లు. వీటి రంధ్రాలను తీగతోగాని సూదితోగాని పొడవకండి. రంధ్రం వెంట్రుకవాసి పెద్దదైనా పెట్రోలు పాలు మారిపోతుంది. గాలితో ఊదితే చాలు. మార్చవలసి వస్తే, జెట్టు మీద చెక్కి ఉన్న అంకె చూసి అదే అంకెది తెచ్చుకోండి.

మూడవది చిన్న పంపు. యాక్సిలరేటరు తొక్కగానే బండి ఒక్క క్షణం తడబడి, ఆ తరువాత అందుకుంటున్నదా? అయితే దీన్ని చూడండి. కొన్నింటిలో తోలు కప్పు, కొన్నింటిలో రబ్బరు పొర ఉంటుంది. తోలు ఎండిపోతుంది, పొర చిరుగుతుంది.

నాలుగవది, చాలామంది గమనించనిది, థ్రాటిల్ ఇరుసు. ఇంజను ఆపి, ఇరుసును వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ కదిపి చూడండి. లొడలొడ ఆడితే ఆ సందులోంచి దొంగగాలి పోతున్నట్టే. గట్టుకు ఎలుక బొక్క పెట్టినట్టు! మడవ ఎంత సరిచేసినా నీరు నిలవదు కదా. ఇది ఇంట్లో అయ్యే పని కాదు. లేతు పని తెలిసిన మేస్త్రీ చేత బుష్ వేయించి, కొత్త ఇరుసు అమర్చుకోవాలి.

ఇవన్నీ అయ్యాక కొత్త గాస్కెట్లు వేసి, ఫ్లోటు ఎత్తును బండి పుస్తకంలో చెప్పిన ప్రకారం సరిచూసుకోండి. స్క్రూ తిప్పడం అన్నిటికంటే చివరి పని. ఇంజను వేడెక్కిన తరువాత, నిలకడగా తిరిగే చోట దాన్ని ఆపండి.

మరొక మాట. 2025లో దేశమంతటా 20 శాతం ఎథనాల్ కలిసిన పెట్రోలు వాడుకలోకి వచ్చింది. మనం పండించే చెరకు, మొక్కజొన్నల నుంచి తయారయ్యేదే ఎథనాల్. రైతుకు మేలే. అయితే అది తేమను పీలుస్తుంది, పాతకాలపు రబ్బరును చెడగొడుతుంది. అందుచేత పెట్రోలు గొట్టాలు, పంపు పొర, గాస్కెట్లు ఎథనాల్‌కు తట్టుకునే రకంవి అడిగి తీసుకోండి. బండిని నెలల తరబడి నిలిపి ఉంచేటట్లయితే కార్బురేటరులోని పెట్రోలు తీసివెయ్యండి.

ఇరుసును అరగదీసేది మన బాటల దుమ్మే. ఎయిర్ క్లీనరులో నూనె మార్చడం మరువకండి.

ఈ శ్రమంతా దేనికి, కార్బురేటరు మొత్తం పారేసి వేరొకటి తగిలిస్తే పోదా అంటారేమో. 50 ఏళ్లు దాటి, మూలరూపం చెడని బండ్లను పాతకాలపు వాహనాలుగా నమోదు చేసుకునే వీలు 2021 కేంద్ర నియమాల్లో వచ్చింది. అసలు భాగాలకు విలువ ఉన్నది. తీసిన పాత ముక్కలనైనా ఒక డబ్బాలో దాచుకోండి. రేపు కొత్తవి వెతుక్కునేటప్పుడు అవే నమూనా.

పైరుకు తెగులు ఏదో తెలియకుండా మందు కొట్టం కదా. బండికీ అంతే. ముందు అరుగుదల ఎక్కడో కనుక్కోండి, తరువాత చెయ్యి పెట్టండి. సెలవు.