పోరాటపు వీడియో గేములు - తొలి పాఠము



నేటి నా ప్రసంగ విషయము వినగానే పెద్దలలో కొందరికి నవ్వు రావచ్చును, కొందరికి కోపమును రావచ్చును. తెరమీద ఇరువురు బొమ్మమనుష్యులు ఒకరినొకరు గ్రుద్దుకొను వీడియో గేములు కలవు గదా! వానిలో క్రొత్తగా నేర్చుకొనువారికి ఏది తగినదో చెప్పుటకై నేను వచ్చితిని. పిల్లలచేత పలక పట్టించి అక్షరములు దిద్దించుటలో ముప్పది యేండ్లు గడపిన వానికి ఈ పని యేల యని మీరడుగుట న్యాయమే. సమాధానముగా మా యింట జరిగిన సంగతి యొకటి ముందుగా మనవి చేసెదను.

మా మనుమడు పదునాలుగేండ్లవాడు. వేసవి సెలవులలో వానికి పోరాటపు గేము నొకదానిని నేనే కొనియిచ్చితిని. చాలకాలమునుండి పేరుపొందియున్నది, వెలయు తగ్గినది. ఇంతకుమించి నేను విచారింపలేదు. ఎద్దును కొనునప్పుడు పండ్లు చూచెదము, గిట్టలు చూచెదము, నాలుగడుగులు నడపించి చూచెదము. గేమును కొనునప్పుడు పైబొమ్మను మాత్రము చూచితిని! పిల్లవాడు ఇంటర్నెట్టుద్వారా దూరదేశములవారితో ఆడ మొదలిడెను. ఆ గేమును పది పండ్రెండేండ్లుగా ఆడి ఆరితేరినవారే అందు మిగిలియుండిరి. మొదటి దినమున వాడు ముప్పదిసార్లు ఓడెను. నాలుగవ దినమున కంట్రోలరును బల్లమీద పెట్టి, "ఇది నాకు రాదు తాతయ్యా" అనెను.

ఆ మాట నాకు క్రొత్తది కాదు. గుణింతములు రాకమునుపే పద్యము చదువుమన్నచో పిల్లలు ఆ మాటయే అనెడివారు. అప్పుడు తప్పు పాఠమును ఎన్నిన పంతులుదే. ఓడిపోవుటవలన పిల్లవానికి హాని లేదు. ఏల ఓడితినో తెలియకుండ ఓడుచుండుటవలన హాని కలదు. అట్లు కొన్నాళ్లు జరిగినచో వాడు తన బుద్ధినే శంకించుకొనును. ఆ శంక ఆటతో ఆగక లెక్కలకును, చదువునకును ప్రాకును. అందుచేత నేను చేసిన తప్పును దిద్దుకొనవలెనని కూర్చుండి ఈ ఆటల మర్మము కొంత తెలిసికొంటిని.

ఈ జాతి గేములకు పుట్టినిల్లు జపాను దేశము. అచటి క్యాప్‌కాం అను సంస్థ 1987వ సంవత్సరమున స్ట్రీట్ ఫైటర్ అను గేమును, 1991లో దాని రెండవ భాగమును వెలువరించెను. ఆ రెండవ భాగముతో ఈ ఆట ప్రపంచమంతట వ్యాపించెను. అందు ధాల్సిం అను పేరుగల భారతీయ యోగి యొకడు కలడు. అతడు కాలుసేతులను బారలకొలది సాచి కొట్టును, నోటినుండి నిప్పులు క్రక్కును. మన యోగశాస్త్రమునకు జపానువారు వ్రాసికొనిన భాష్యము అట్టిది! 1994లో టెక్కెన్ అను మరియొక గేము అదే దేశమున పుట్టెను.

పైకి గ్రుద్దులాటగా కనబడినను, దీని లోపలి లెక్క మూడు మాటలలో ఇమిడియున్నది: దెబ్బ, కాపు, పట్టు. ఎదుటివాడు కొట్టునప్పుడు కాచుకొన్నచో దెబ్బ వ్యర్థమగును. కాచుకొని కూర్చున్నవానిని పట్టి పడవేయవచ్చును. పట్టుటకు వచ్చువానిని ముందుగా కొట్టవచ్చును. ఈ మూడింటిలో ఒకటి మరియొకదానిని మ్రింగుచుండును. అన్నిటిని మ్రింగునది ఏదియు లేదు. ఈ ఆటగాండ్రు సెకనును 60 భాగములు చేసి లెక్కింతురు. స్ట్రీట్ ఫైటర్ ఆరవ భాగమున మిక్కిలి వేగముగల పిడిగ్రుద్దు అట్టి 4 భాగములలో తగులును. అంతటి వేగమును చూచి కాచుకొనుట మానవునకు శక్యము కాదు. కావున ఎదుటివాడు ఇప్పుడేమి చేయునో ముందుగా ఊహింపవలెను. పులిజూదమున మేకలను నడపినవారికి ఈ ఊహ యెట్టిదో నేను చెప్పనక్కరలేదు.

ఇక గేమును ఎన్నుకొను విధమును చెప్పెదను. నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటిది: ఆట చేతికి లొంగునా? పాతకాలపు పద్ధతిలో స్ట్రీట్ ఫైటరునందు గ్రుద్దులకు మూడు, తన్నులకు మూడు, మొత్తము ఆరు మీటలు కలవు. ర్యూ అను వీరుడు అరచేతులనుండి వెలుగుబంతిని విసరవలెనన్నచో దిక్కుమీటను క్రిందికి, అటనుండి మూలగా ముందుకు, పిదప నేరుగా ముందుకు త్రిప్పి వెంటనే గ్రుద్దుమీటను నొక్కవలెను. ఈ త్రిప్పుట అలవడుటకే క్రొత్తవానికి దినములు పట్టును. అంతవరకు ఊహించుటకు తీరికయుండదు. కలము పట్టుట రానివానిని వ్యాసము వ్రాయుమన్నట్లుండును.

రెండవది: ఆట తన్ను తాను నేర్పునా? మంచి గేమునందు అభ్యాసశాల యుండును. అందు ఎదుటి బొమ్మ మనము చెప్పినట్లు నిలుచుండును. మనము చెప్పిన దెబ్బనే మరల మరల కొట్టును. ముగిసిన ఆటను తిరిగి చూచుకొను వీలును ఉండవలెను.

మూడవది: తోడు దొరకునా? ఇది అన్నిటికంటె ముఖ్యము. తనంతటివానితో ఆడినప్పుడే విద్య వచ్చును. ఆడువారు మెండుగానున్న గేమునందు బలమునుబట్టి తరగతులు ఏర్పరచి, సమానులను జతచేయుదురు. మా మనుమనికి నేను కొనిన గేమునందు ఈ వసతి లేకపోయెను. ఇంకొక సంగతి. దూరమునున్నవారితో ఆడునప్పుడు వార్త చేరుటకు కొంత ఆలస్యమగును. 2006లో టోనీ కానన్ అను అమెరికా దేశస్థుడు దీనికి రోల్‌బ్యాక్ అను ఉపాయమును రూపొందించెను. ఎదుటివాడు ఏ మీట నొక్కియుండునో యంత్రమే ఊహించి ఆటను నడపును. ఊహ తప్పినచో క్షణములో వెనుకకు మరలి దిద్దుకొనును. పల్లెలనుండి ఆడువారు ఈ వసతిగల గేమునే కోరవలెను.

నాలుగవది: వయస్సునకు తగునా? 1992లో అమెరికాలో వెలువడిన మోర్టల్ కాంబాట్ అను గేమునందు రక్తపాతము మితిమీరియుండుటచే, మరుసటి సంవత్సరమున ఆ దేశపు సెనేటులో విచారణ జరిగెను. దాని ఫలితముగా 1994లో గేములకు వయోనిర్ణయము చేయు సంఘ మేర్పడెను. గేముపై ముద్రించిన ఆ గుర్తును పెద్దలు తప్పక చూడవలెను.

ఈ నాలుగింటిని దృష్టియందుంచుకొని మూడు గేములను పేర్కొనెదను.

2019లో వెలువడిన ఫాంటసీ స్ట్రైక్ అనునది అక్షరాభ్యాసము వంటిది. మీటలు త్రిప్పుట లేదు. ఒక మీటకు ఒక దెబ్బ. ప్రాణబలమును గీతగా గాక లెక్కింపదగిన గడులుగా చూపుదురు. దీనియందొక విచిత్రము కలదు. ఎదుటివాడు మనలను పట్టుటకు వచ్చినప్పుడు మీటలన్నిటినుండి చేతులు తీసివేసినచో, ఆ పట్టు వానికే ఎదురు తిరుగును. కంగారుపడి ఏదో యొక మీటను నొక్కువాడు చిక్కును. నిబ్బరముగా ఊరకుండుటయు ఒక విద్యయని ఇంత తేటగా నేర్పు ఆటను నేను మరియొకదానిని చూడలేదు. దీని లోపమేమన, స్ట్రీట్ ఫైటరుతో పోల్చినచో దీనిని ఆడువారు స్వల్పసంఖ్యాకులు. ఇంట ఇద్దరు పిల్లలున్నచో ఈ లోపము బాధింపదు.

రెండవది 2023 జూనులో వెలువడిన స్ట్రీట్ ఫైటర్ ఆరవ భాగము. ఇందు పాత పద్ధతి యుండగనే, మోడరన్ అను సులభ పద్ధతిని చేర్చిరి. ఒక్క మీటతో వెలుగుబంతి వెడలును. అయితే అట్లు సులభముగా వేసిన దెబ్బకు బలము నూటికి 20 వంతులు తగ్గును. ఇది ధర్మముగానే యున్నది: క్రొత్తవానికి ద్వారము తెరచిరి, శ్రమించినవానికి ఫలము మిగిల్చిరి. మరియు ఇందు వరల్డ్ టూర్ అను భాగము కలదు. ఆడువాడు తన కొక రూపమును కల్పించుకొని, ఊరూర తిరిగి, ఒక్కొక్క గురువు నాశ్రయించి ఒక్కొక్క విద్యను గ్రహించును. ఏకాకిగా నేర్చుకొనువానికి నా మొదటి సలహా ఈ గేమే.

మూడవది 2024 జనవరిలో వెలువడిన టెక్కెన్ ఎనిమిదవ భాగము. నాలుగు మీటలు నాలుగు అవయవములు: ఎడమచేయి, కుడిచేయి, ఎడమకాలు, కుడికాలు. ఈ యేర్పాటు ముచ్చటయైనది. కాని వీరులు మొదటనే 32 మంది. ఒక్కొక్కనికి దెబ్బలు నూరునకు పైబడియుండును. వానినన్నిటిని కాచుకొన నేర్చుటకు చాలకాలము పట్టును. సులభ పద్ధతి ఇందును కలదు. అయినను నేనైతే దీనిని రెండవ తరగతి పుస్తకముగా నుంచెదను.

గేము కుదిరిన పిమ్మట వీరుని ఎన్నుకొనవలెను. మనవాడనెడి ప్రేమచేత పిల్లలు ధాల్సింను పట్టుకొందురు. మా మనుమడును అట్లే చేసెను. అతని చేతులు దూరము పోవును గాని తిరిగి వచ్చుటకు ఆలస్యమగును; ఆ నడుమ ఎదుటివాడు వచ్చి మీదపడును. దూరపు కొలతలు తెలిసినవారికే అతడు వశమగును. తొలుత ర్యూను పట్టుట మేలు. దూరమున విసరుటకు వెలుగుబంతి, ఎగిరి వచ్చువానిని కూల్చుటకు పైకెగయు పిడిగ్రుద్దు, దగ్గర నున్నప్పుడు పట్టు. అన్నియు మితముగా, తేటగా ఉండును.

అభ్యాసమున ఒక వారమునకు ఒక్క విషయమును మాత్రమే పెట్టుకొనవలెను. మొదటి వారము కాచుకొనుట. రెండవ వారము ఎగిరి వచ్చువానిని కూల్చుట. మూడవ వారము గురితప్పిన దెబ్బకు బదులు చెప్పుట. ఆ వారమునందు గెలుపు ఓటములను లెక్కింపరాదు. పెట్టుకొన్న పని ఎన్నిసార్లు చేసితినని లెక్కింపవలెను.

పెద్దలకు రెండు మాటలు. ధనమును ఒడ్డి ఆడు ఆన్‌లైను ఆటలను 2025లో మన పార్లమెంటు చేసిన చట్టము నిషేధించినది. క్రీడగా ఆడు పోటీలను అది వేరుగా గుర్తించినది. ఈ భేదమును ఎరిగి, మొదటిదానిని గుమ్మము తొక్కనీయకుడు. రెండవ మాట: పిల్లవాని ప్రక్కన అప్పుడప్పుడు కూర్చుండుడు. ఇది చిన్నవారి ఆటయే యని సంకోచింపవలదు. 2023లో చైనాలోని హాంగ్జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో స్ట్రీట్ ఫైటర్ ఐదవ భాగమునకు స్వర్ణపతకము నొందిన దక్షిణ కొరియావాడు కిం గ్వాన్‌వూ వయస్సు అప్పటికి 44 ఏండ్లు. అంతకుముందు 2019లో లాహోరు నగరవాసి అర్స్‌లాన్ యాష్ జపానులోను అమెరికాలోను జరిగిన ఈవో పోటీలలో టెక్కెన్ ఏడవ భాగమున విజేతయయ్యెను. తమ దేశమున తనకు దీటైనవారు ఇంకను కలరని అతడు చెప్పినప్పుడు లోకమాశ్చర్యపడెను. తగిన తోడు కుదిరినచో విద్య ఎంతవరకు పోవునో దీనివలన తెలియును.

మా మనుమని సంగతి చెప్పి ముగించెదను. గేమును మార్చి మూడు నెలలైనది. వాడింకను తరచుగా ఓడుచునే యున్నాడు. నాతో ఆడినప్పుడు మాత్రము ఓడడు. నా వ్రేళ్లు ముసలివైనవి. మొన్న రాత్రి ఒక ఆట ఓడి నావంక తిరిగి, "కాచుకోవలసిన చోట ఎగిరాను తాతయ్యా, వాడు అది కనిపెట్టాడు" అని చెప్పి, తిరిగి ఆటకు కూర్చుండెను. ఆ మాట వినుటకే నేనింత శ్రమపడితిని.

ఇంతటితో విరమించుచున్నాను.