పద్దుకెక్కని ఖర్చు

అగ్రరాజ్యముల ఆయుధ వ్యయమును లెక్కించినవారు లేకపోలేదు. 1940 మొదలు 1996 వరకు అమెరికా ప్రభుత్వము అణ్వాయుధముల నిమిత్తము సుమారు 5.5 లక్షల కోట్ల డాలర్లు వెచ్చించినదని 1998లో వాషింగ్టనులోని బ్రూకింగ్స్ సంస్థవారు లెక్క తేల్చిరి. ఇంత పెద్ద సంఖ్య చెవిని పడునే కాని మనస్సున నిలువదు. అందుచేత దానిని పక్కనుంచి, 167 అను చిన్న సంఖ్యను గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

పసిఫిక్ మహాసముద్రమున మార్షల్ దీవులలో బికినీ యను పగడపు దీవుల వలయము కలదు. లోకములో పలువురు ఈ పేరును ఒక ఈత దుస్తునకు పేరుగ మాత్రమే ఎరుగుదురు. చుట్టును సన్నని దీవులు, నడుమ ప్రశాంతమైన ఉప్పునీటి మడుగు. మడుగులోని చేపలు, ఒడ్డుననున్న కొబ్బరిచెట్లు, ఇవియే అచ్చటివారి ఆస్తి. 1946 ఫిబ్రవరిలో ఒక ఆదివారమునాడు ప్రార్థన ముగిసిన పిమ్మట, అమెరికా నౌకాదళాధికారి వయట్ వారిని సమావేశపరచి, మానవజాతి మేలునకును, యుద్ధములన్నియు అంతమగుటకును తాత్కాలికముగా దీవిని విడువగలరా యని అడిగెను. అడిగినవాడెవడో, అడుగబడినవారెవరో తలచుకొన్నచో ఆ సమ్మతి యెట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. మార్చిలో 167 మంది ఓడ యెక్కిరి.

వారిని దించిన రాంగెరిక్ దీవిలో తిండి చాలక ఆకలితో మాడిరి. 1948లో కిలీ దీవికి చేర్చబడిరి. కిలీకి నడిమి మడుగు లేదు. సముద్రము పోటెత్తియున్న నెలలలో ఒడ్డునుండి పడవ దించుటయే కష్టము. తరతరములుగా మడుగులో చేపలు పట్టి బ్రతికినవారికి ఇంతకంటె శిక్ష యేమి కావలెను?

1954 మార్చి 1వ తేదీన బికినీలో హైడ్రోజన్ బాంబు నొకదానిని పేల్చిరి. 6 మెగాటన్నులనుకొన్న శక్తి 15 మెగాటన్నులయ్యెను. బాంబులోని లిథియములో పనిచేయదనుకొన్న భాగము కూడ పనిచేసినదని శాస్త్రజ్ఞులు పిమ్మట వివరించిరి. పొరపాటునకు వివరణ యింత సులభము! 150 కిలోమీటర్లకు పైబడిన దూరమున రాంగెలాప్ దీవిపై తెల్లని పొడి రాలెను. పిల్లలు దానితో ఆడుకొనిరి. రెండు దినముల పిదపగాని వారిని తరలింపలేదు. జపాను చేపల పడవలోని 23 మందికి ఆ ధూళి సోకెను; వారిలో కుబొయామా యను రేడియో ఆపరేటరు ఆ సెప్టెంబరులో మరణించెను.

ఏప్రిల్ 2వ తేదీన మన లోకసభలో నెహ్రూగారు ఇట్టి పరీక్షలను నిలిపివేయుటకు ఒడంబడిక జరుగవలెనని కోరిరి. పరీక్షలు ఆగలేదు. 1958 నాటికి మార్షల్ దీవులలో జరిగినవి 67. ప్రత్యర్థియు తక్కువ తినలేదు: సోవియట్ ప్రభుత్వము 1949 మొదలు 1989 వరకు సెమిపలాటిన్స్క్ ప్రాంతమున 456 పరీక్షలు జరిపినది. పొరుగు పల్లెల కజాకు ప్రజల అనుమతిని ఎవరును కోరలేదు.

ప్రమాదము తొలగినదని చెప్పగా 1970 తరువాత కొన్ని బికినీ కుటుంబములు స్వస్థలము చేరినవి. అచ్చట పండిన తిండివలన సీసియము వారి దేహములందు చేరుచున్నదని తేలి, 1978లో మరల ఖాళీ చేయించిరి. 2001లో పరిహార న్యాయస్థానము బికినీ ప్రజలకు 56 కోట్ల డాలర్లకు పైగా చెల్లవలెనని తీర్పు చెప్పినది. చెల్లించుటకు నిధిలో సొమ్ము లేదు. ముట్టినది అతి స్వల్పము.

1946లో ఓడ యెక్కినవారి మనుమలు, మునిమనుమలు కిలీలోను, ఇతర దీవులలోను, అమెరికాలోను చెదరియున్నారు. బికినీలో కొబ్బరిచెట్లు కాయుచునే యున్నవి.