పెట్టె మారినా కాగితాలు మనవే
(విశాఖపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడుకునే వేదిక మీద కంప్యూటరు విప్పి బిగించే సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నాకూ మొదట అలాగే అనిపించింది. మా సహాయ కేంద్రంలో కంప్యూటరు ఆగిపోయిన రోజున ఆ పెట్టెలో ఏముందో తెలిసొచ్చింది.

అందులో గృహహింస కేసుల్లో స్త్రీలు చెప్పుకున్న వివరాలున్నాయి. గాయాల ఫొటోలు, డాక్టరు సర్టిఫికెట్ల నకళ్ళు, వాళ్ళు తలదాచుకుంటున్న చిరునామాలు ఉన్నాయి. ఉక్కు ఫ్యాక్టరీకి భూములిచ్చిన కుటుంబాల ఆడవాళ్ళ ఆర్ కార్డు కాగితాలున్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానుకు బీరువాలో ఫైళ్ళు తడిసి ముద్దయ్యాక, మిగిలిన ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి అందులో దాచుకున్నాం. సముద్రపు ఉప్పుగాలికి ఈ ఊళ్ళో ఇనుప గేట్లే తుప్పు పడతాయి. మదర్‌బోర్డు ఎంత?

మర్నాడే గాజువాక నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. వారం రోజుల్లో కోర్టు వాయిదా. "నా కాయితాలు ఏటైపోనాయమ్మా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

దుకాణానికి వెళ్ళాం. "అంతా ఫార్మాట్ చేసి కొత్తగా వేసిస్తాం మేడమ్. పాత పెట్టె హార్డ్‌డిస్కుతో సహా ఇచ్చేయండి, ధర తగ్గిస్తాం" అన్నాడు కుర్రాడు. ఉన్నదంతా వదిలేసి మళ్ళీ మొదలుపెట్టమనే సలహా మన దగ్గరికొచ్చే ఆడవాళ్ళు రోజూ వినేదే. అలా వదలనక్కర్లేదని వాళ్ళకు చెప్పే మేము, ఆ రోజు దాదాపు ఒప్పేసుకున్నాం. డిప్లొమా చదివిన మా చిన్న కార్యకర్త ఒకమ్మాయి అడ్డుపడింది. "మనది లినక్స్ కదక్కా, డిస్కు తీసి కొత్త పెట్టెలో పెడితే చాలావరకు అదే లేస్తుంది" అంది.

ఎందుకు లేస్తుందో ఆ అమ్మాయి మాకు వివరించింది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ పని ప్రకటించాడు. 1991లో ఫిన్లండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి లినక్స్ కెర్నల్ రాయడం మొదలుపెట్టాడు. దాన్ని ఎవరైనా వాడవచ్చు, మార్చవచ్చు, ఎన్ని యంత్రాల మీదకైనా తీసుకెళ్ళవచ్చు. కంప్యూటరుతో పాటు వచ్చే విండోస్ అనుమతి సాధారణంగా ఆ ఒక్క యంత్రానికే కట్టుబడి ఉంటుంది. పైగా రకరకాల యంత్ర భాగాలను నడిపే డ్రైవర్లు చాలావరకు లినక్స్ కెర్నల్‌తోనే వస్తాయి. కంప్యూటరు మొదలైన ప్రతిసారీ అది తన చుట్టూ ఏ భాగాలున్నాయో కొత్తగా వెతుక్కుంటుంది. అందుకే పెట్టె మారినా తట్టుకుంటుంది.

ఇక మేం చేసిన పని. ముందు పాత డిస్కు ఊడదీసి, యూఎస్‌బీ డబ్బాలో పెట్టి ఇంకో కంప్యూటరుకు తగిలించి, ఫైళ్ళన్నీ బయటి డిస్కులోకి నకలు తీశాం. నకలు లేకుండా స్క్రూడ్రైవరు పట్టుకోవద్దు. తర్వాత డిస్కును కొత్త పెట్టెలో బిగించాం. మీట నొక్కితే, మొదలుపెట్టడానికి డిస్కు లేదంది! గుండె జారిపోయింది. తీరా చూస్తే కారణం చిన్నది. పాత యంత్రం మొదలయ్యే పద్ధతి వేరు, కొత్తదానిది యూఈఎఫ్‌ఐ పద్ధతి. పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో యంత్రాన్ని లేపి, డిస్కులో చిన్న భాగం కేటాయించి, గ్రబ్ అనే మొదలుపెట్టే ప్రోగ్రామును తిరిగి ఎక్కించాం. లేచింది. మా తెలుగు అక్షరాలు, మా ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

నెట్ మాత్రం రాలేదు. కొత్త నెట్‌వర్క్ కార్డుకు పేరు మారింది, మా సెట్టింగుల్లో పాత పేరే ఉంది. అది దిద్దాం. వైఫై భాగం మరీ కొత్తది కావడంతో, తీగ పెట్టి కొత్త కెర్నల్ దింపుకున్నాక పని చేసింది. మొత్తం ఒక పగలు, ఒక సాయంత్రం పట్టింది. పెద్దావిడ కాగితాలు వాయిదాకి ముందే అచ్చు తీసిచ్చాం.

ఇక్కడితో నేను సంతోషించి ఊరుకోలేదు. ఆ డిస్కుకు తాళం లేదు. దుకాణంలో ఇచ్చేసి ఉంటే, ఆ చిరునామాలు ఎవరైనా చదివేవారు. ఫార్మాట్ చేసినంత మాత్రాన పాత సమాచారం పూర్తిగా చెరిగిపోదు. 2005 గృహహింస చట్టం 16వ సెక్షను ప్రకారం బాధితురాలు కోరితే విచారణ మూసిన తలుపుల వెనుక జరగవచ్చు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పునిచ్చింది. కోర్టులో కాపాడిన రహస్యం మన బల్ల మీది పెట్టె నుంచి పాతసామాన్ల బండిలోకి పోతే, ఆ తప్పు మనదే.

అందుకని తర్వాతి నెలలో సంకేతపదం ఉంటేనే తెరుచుకునేలా కొత్త డిస్కు ఒకటి సిద్ధం చేసి, ఆర్‌సింక్‌తో లినక్స్ మొత్తాన్నీ అందులోకి మార్చాం. డిస్కు మారితే దాని గుర్తింపు సంఖ్యలు మారతాయి, కాబట్టి ఎఫ్‌స్టాబ్ ఫైలులో వాటిని దిద్దాలి. కొత్తది నిలకడగా నడిచాకే, పాత అయస్కాంత డిస్కు మీద ష్రెడ్ ఆదేశంతో పిచ్చిరాతలు రాయించి చెరిపేశాం. డిస్కును మా దగ్గరే ఉంచుకుని, మిగతా పెట్టెను ఈ-వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవారికి ఇచ్చాం.

చివరిగా ఒక మాట. "ఇది మగపిల్లల పనండీ, మీకెందుకు?" అని మాకూ చెప్పారు. స్త్రీల కాగితాలున్న పెట్టెను ఎవరు విప్పాలన్నది మనం నిర్ణయించుకోవాలి. ప్రతి కేంద్రంలో కనీసం ఇద్దరికి ఈ పని రావాలి, సంకేతపదం ఇద్దరికి తెలియాలి, నకలు వేరే చోట ఉండాలి. వచ్చే శనివారం మా కేంద్రానికి రండి. పాత పెట్టె ఒకటి ఉంది, కలిసి విప్పుదాం.