యాభై ఏళ్ల లెక్క ఎవరు వేస్తారు?

(మహాసభల చర్చావేదికపై చేసిన ప్రసంగ పాఠం)



పక్క హాల్లో సంగీత విభావరికి మైకులు సరిచూసుకుంటుంటే ఇంతమంది ఈ గదిలోకి వచ్చి కూర్చోవడం నా అదృష్టం. "సుస్థిరాభివృద్ధి" అన్న మాట వినగానే చాలామందికి ఆవలింత వస్తుందని నాకు తెలుసు. అందుకే ఈ అరగంటలో ఆ మాట వీలైనంత తక్కువ వాడతాను. నేను ఆర్థికవేత్తను కాను, రాజకీయాలు అంతకన్నా తెలియవు. ఇంజనీరింగ్ చదివి, ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాసి పొట్టపోసుకుంటున్నవాణ్ణి. ఒక దేశం ముప్పై, యాభై ఏళ్ల తర్వాత ఎలా ఉంటుందో కంప్యూటర్ మీద లెక్కగట్టే ఒక సంస్థ గురించి కొన్నేళ్లుగా చదువుతున్నాను. దాని పేరు మిలీనియం ఇన్‌స్టిట్యూట్. ఇక్కడే వాషింగ్టన్‌లో మొదలైన సంస్థ. ముందు ఆ సంగతి చెప్పి, తర్వాత మన రెండు రాష్ట్రాల దగ్గరకు వస్తాను.

ఈ కథ మన వృత్తివాళ్లకు బాగా దగ్గరి మనిషితో మొదలవుతుంది. ఎం.ఐ.టి.లో జే ఫారెస్టర్ అనే ఇంజనీరు ఉండేవారు. కంప్యూటర్ల తొలిరోజుల్లో మాగ్నెటిక్ కోర్ మెమరీని రూపొందించినవారిలో ముఖ్యులు. ప్రోగ్రాం కుప్పకూలితే మనం ఇప్పటికీ "కోర్ డంప్" అంటాం చూశారా, ఆ కోర్ ఇదే. 1950లలో ఆయన కంప్యూటర్ల తయారీ వదిలి మేనేజ్‌మెంట్ స్కూలుకు మారారు. ఫ్యాక్టరీల్లో సరుకు నిల్వలు ఒకసారి పేరుకుపోయి, ఇంకోసారి నిండుకోవడం ఎందుకని ఆరా తీశారు. అలా పుట్టిందే సిస్టమ్ డైనమిక్స్.

పేరు చూసి భయపడకండి. పల్లెటూరి నుంచి వచ్చినవాళ్లకు ఇది తెలిసిన విద్యే. చెరువును తలుచుకోండి. వాగు నీళ్లు తెస్తుంది, తూము నీళ్లు వదులుతుంది, ఎక్కువైతే అలుగు పారుతుంది. మా వైపు దాన్ని మరవ అంటారు. చెరువులో ఉన్నది నిల్వ, వచ్చేదీ పోయేదీ ప్రవాహాలు. నీళ్లు నిండుగా కనిపిస్తే ఆయకట్టు పెంచుతాం. ఆయకట్టు పెరిగితే తూము ఎక్కువసేపు తెరవాలి. తెరిస్తే నిల్వ తగ్గుతుంది. ఒకదాని ఫలితం తిరిగి దాని మీదికే వస్తుంది. ఇక అడుగున పూడిక ఏటా కొంచెం కొంచెం చేరుతుంది. పైనుంచి చూస్తే నీళ్లు నిండుగానే ఉంటాయి. చెరువు సగం పూడిపోయిందని కరువు వచ్చిన ఏడాదే తెలుస్తుంది. నిల్వలు, ప్రవాహాలు, ఆలస్యాలు: ఈ మూడింటినీ సమీకరణాలుగా రాసి కంప్యూటర్‌కు ఇస్తే అదే మోడల్.

1968లో ఇటలీ పారిశ్రామికవేత్త ఔరేలియో పెచ్చేయ్, స్కాట్లాండ్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ కింగ్ మరికొందరితో కలిసి క్లబ్ ఆఫ్ రోమ్ స్థాపించారు. ఫారెస్టర్ పద్ధతితో ప్రపంచం మొత్తానికీ మోడల్ కట్టమని ఎం.ఐ.టి. బృందాన్ని అడిగింది ఈ క్లబ్బే. డెనిస్ మెడోస్, డొనెల్లా మెడోస్, యోర్గన్ రాండర్స్, విలియం బెరెన్స్ రాసిన "లిమిట్స్ టు గ్రోత్" 1972లో వెలువడింది. జనాభా, తిండి, పరిశ్రమలు, ఖనిజాలు, కాలుష్యం, ఈ ఐదింటినీ ముడివేసి 2100 దాకా నడిపి చూశారు. ఇప్పటిలాగే సాగితే ఈ శతాబ్దంలోనే ఉత్పత్తీ జనాభా ఒక శిఖరానికి చేరి పడిపోతాయని ఒక దారి చూపింది. ముందుగా మేలుకుంటే నిలకడగా బతకవచ్చని మరో దారి చూపింది. పత్రికలు మొదటిదాన్నే పట్టుకుని జోస్యం అన్నాయి. ఇంగ్లండ్‌లో ససెక్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మీరు వేసుకున్న ఊహలే ఫలితాలై వచ్చాయని గట్టిగా విమర్శించారు. ఆ విమర్శలో న్యాయం ఉంది. చెత్త లోపలికి పోస్తే చెత్తే బయటికి వస్తుందని ప్రోగ్రామర్లకు ఒకరు చెప్పాలా?

అయితే ఆ లెక్కను అంతటితో మూసి పెట్టలేదు. 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త గ్రాహం టర్నర్ ముప్పై ఏళ్ల అసలు గణాంకాలను ఆ పాత గీతల పక్కన పెట్టి చూశారు. అప్పటిదాకా ప్రపంచం "ఇప్పటిలాగే సాగితే" అన్న గీతకు దగ్గరగా నడుస్తోందని తేల్చారు. 2021లో గాయా హెరింగ్టన్ అనే పరిశోధకురాలు మళ్లీ పోల్చి, నిలకడ దారికే మనం అన్నిటికన్నా దూరంగా ఉన్నామని రాశారు. యాభై ఏళ్ల నాటి లెక్కను తీసి సరిచూడగలిగారంటే, ఊహలన్నీ కాగితం మీద రాసి పెట్టారు కనకనే. నా ప్రసంగంలో మీరు గుర్తుంచుకోవలసిన మాట ఒక్కటే ఉంటే, అది ఇదే.

ఇక మిలీనియం ఇన్‌స్టిట్యూట్. 1977లో అధ్యక్షుడు కార్టర్ తన ప్రభుత్వ శాఖలను ఒక ప్రశ్న అడిగారు: 2000 నాటికి ప్రపంచ జనాభా, వనరులు, పర్యావరణం ఎలా ఉంటాయి? ఆ అధ్యయనాన్ని నడిపింది జెరాల్డ్ బార్నీ అనే భౌతికశాస్త్రవేత్త. 1980లో "గ్లోబల్ 2000" నివేదిక వచ్చింది. అందులో అడవుల గురించి, జనాభా గురించి చెప్పిన అంకెలకన్నా నన్ను ఆకట్టుకున్నది వేరే ఉంది. అమెరికా ప్రభుత్వంలో ప్రతి శాఖకూ సొంత లెక్క ఉంది, కానీ ఒక శాఖ లెక్క ఇంకో శాఖ లెక్కతో కలవదు. ఎవరి ఊహలు వారివి. ఒకరి జవాబు ఇంకొకరికి ప్రశ్నగా చేరదు. ఇంటిగ్రేషన్ టెస్టింగ్ చేయకుండా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అన్నమాట!

ఆ లోటు తీర్చడానికే బార్నీ 1983లో ఈ సంస్థ పెట్టారు. ప్రపంచానికంతా ఒకే మోడల్ అంటే ఏ మంత్రికీ బాధ్యత ఉండదు. దేశానికొక మోడల్ అయితే అడగడానికి ఒక ప్రభుత్వం ఉంటుంది. అలా తయారైంది థ్రెషోల్డ్-21, ముద్దుగా టి-21. సమాజం, ఆర్థికం, పర్యావరణం మూడింటినీ ఒకే చట్రంలో బిగించిన మోడల్ ఇది. బడి మీద పెట్టిన ఖర్చు కొన్నేళ్లకు చదువుకున్న ఆడపిల్లగా, తర్వాత తక్కువ కాన్పులుగా, ఆ తర్వాత ఎక్కువ ఆదాయంగా ఎలా మారుతుందో అందులో కనబడుతుంది. అడవి నరికితే వచ్చిన డబ్బు ఈ ఏడాది ఖాతాలో పడుతుంది, కొట్టుకుపోయిన మట్టి పదేళ్ల తర్వాత పంట దిగుబడిలో కనబడుతుంది.

బంగ్లాదేశ్, మలావి, మొజాంబిక్, కెన్యా, సెనెగల్ వంటి దేశాలు దీన్ని వాడాయి. పని తీరు మనకు నచ్చేలా ఉంటుంది. కెన్యా మోడల్‌ను ముందు 1980 నుంచి నడిపారు. తెలిసిన గతాన్ని అది సరిగ్గా చూపగలిగితేనే తెలియని 2050 దాకా పోనిస్తారు. ఇంకో మంచి సంగతి, ఆ దేశపు అధికారులకే మోడల్ నేర్పి వాళ్ల చేతిలో పెట్టడం. 2005లో ఈ సంస్థ పగ్గాలు అందుకున్న హన్స్ హెరెన్ కీటక శాస్త్రవేత్త. ఆఫ్రికాలో కర్రపెండలాన్ని నాశనం చేస్తున్న పిండినల్లిని, దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన ఒక చిన్న కందిరీగ జాతితో అదుపు చేసి 1995లో ప్రపంచ ఆహార బహుమతి పొందారు. పురుగును చంపడం కన్నా పురుగు ఎందుకు పెరిగిందో చూడటం ముఖ్యమని తెలిసిన మనిషి కావడం వల్ల ఈ సంస్థకు తగినవారనిపిస్తుంది.

మోడల్ ఉంటే దేశం బాగుపడుతుందా? పడదు. నిర్ణయం తీసుకునేది మనుషులే. జాతకం చూసినంత మాత్రాన పెళ్లి కుదరదు కదా! మోడల్ చేసే మేలు ఒక్కటే: మీరు ఏమనుకుని ఈ మాట అంటున్నారో బయటపెట్టమంటుంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో విజన్ 2020 వచ్చింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వర్ణాంధ్ర 2047 విడుదల చేసింది. తెలంగాణ 2047 నాటికి 3 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ లక్ష్యమని చెప్పింది. ఈ పార్టీ, ఆ పార్టీ అన్న గొడవ నాకు వద్దు. పెద్ద కల కనడం తప్పు కాదు, కనకపోవడమే తప్పు. నా ప్రశ్నలు ఇంజనీరు ప్రశ్నలు మాత్రమే.

స్వర్ణాంధ్ర పత్రంలో రెండు అంకెలున్నాయి: 2.4 ట్రిలియన్ డాలర్ల ఆర్థిక వ్యవస్థ, 42 వేల డాలర్ల తలసరి ఆదాయం. మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. దాదాపు 5 కోట్ల 70 లక్షలు వస్తుంది. అంటే ఆ రెండు అంకెల మధ్య మూడో అంకె దాగి ఉంది: జనాభా. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రాంతంలో ఉన్నది దాదాపు 5 కోట్లు. మరి ఆ 5 కోట్ల 70 లక్షల్లో పనిచేసే వయసువారెందరు? అరవై దాటినవారెందరు?

ఈ ప్రశ్న ఎందుకంటే, 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక స్త్రీకి సగటున 2.6 కాన్పులు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రలో 1.7, తెలంగాణలో 1.8. జనాభా తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. 1994 పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికి మించి పిల్లలున్నవారిని స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్నది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. ముప్పై ఏళ్లలో భయం తలకిందులైంది! ఈ రోజు పుట్టిన బిడ్డ పనిలో చేరడానికి 2047 రావాలి. ఆలస్యం అంటే ఇదీ. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా ఫలితం లేదు. ఇది ఎవరికో సంబంధించిన విషయం కాదు. ఈ గదిలో సగం మంది తల్లిదండ్రులు ఊళ్లో ఒంటరిగా ఉన్నారు. ఫోనులో "బాగానే ఉన్నాం నాయనా" అంటారు. ఆ అంకె వెనక ఉన్నది వాళ్లే, రేపు మనతోటివాళ్లే.

రెండోది నీళ్లు. మాది అనంతపురం జిల్లా. మా తాత తవ్వించిన బావి నలభై అడుగులు. మా నాన్న వేయించిన బోరు రెండు వందల యాభై. ఇప్పుడు మా పొలం పక్కన ఎనిమిది వందలు దాటి వేస్తున్నారు. 2004 నుంచి రైతుకు ఉచిత కరెంటు వచ్చింది. అది ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది, కాదనను. కానీ చెరువు లెక్క గుర్తు చేసుకోండి. కరెంటుకు ఖర్చు లేకపోతే బోర్లు పెరుగుతాయి, బోర్లు పెరిగితే నీరు దిగుతుంది, నీరు దిగితే పెద్ద మోటారు, దానికి ఇంకా కరెంటు. విద్యుత్ శాఖ లెక్కలో ఇది సబ్సిడీ, వ్యవసాయ శాఖ లెక్కలో దిగుబడి, భూగర్భజల శాఖ లెక్కలో లోటు. మూడు లెక్కలూ ఒకే కాగితం మీద ఎవరు వేస్తారు?

వేసినవాళ్లు మనలోనే ఉన్నారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 తర్వాత కొన్నేళ్లు అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను లెక్కగట్టే కార్యక్రమం నడిచింది. రైతులు, అందులో ఆడవాళ్లు కూడా, వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఇంత నీరుంది, ఈ పంటలు వేస్తే ఇంత కావాలి అని బడ్జెట్ వేశారు. వరి వేయవద్దని ఎవరూ ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. లెక్క కళ్లెదుట కనిపించాక చాలామంది తామే పంట మార్చుకున్నారు. టి-21 చేసే పనినే వీళ్లు ఊరి గోడ మీద చేశారు. ప్రాజెక్టు ముగిశాక అన్నిచోట్లా అది నిలబడలేదన్నది బాధ కలిగించే సంగతి. లెక్క వేయడం ఒక ఎత్తు, ఏటా వేయడం ఒక ఎత్తు. సంస్థ కావాలనేది అందుకే.

మన బడులకు, గుళ్లకు, ఆసుపత్రులకు మనం ధారాళంగా ఇస్తున్నాం. ఇంకో రకం దానం గురించి ఆలోచించమని నా మనవి. హైదరాబాదులోనో విజయవాడలోనో, ఏ ప్రభుత్వం మారినా మారని, ఎవరి కాంట్రాక్టు మీదా ఆధారపడని ఒక చిన్న సంస్థ కావాలి. తెలుగు రాష్ట్రాలకు ఒక మోడల్ కట్టాలి. దాని ఊహలన్నీ తెలుగులో, అందరూ చదివేలా అచ్చు వేయాలి. తప్పు ఉంటే ఎవరైనా పట్టుకునేలా ఉండాలి. దానికి పెద్ద భవనం అక్కర్లేదు. కోడ్ రాసేవాళ్లు ఈ గదిలో ఎందరున్నారో చేతులెత్తితే తెలుస్తుంది. నీళ్లు, పంటలు, వైద్యం తెలిసినవాళ్లు అక్కడ ఉన్నారు. కూర్చోబెట్టడమే మన పని.

అదంతా కుదిరేలోగా ఈ సంచిక సంపాదకులకు ఒక చిన్న విన్నపం. మనం రెండేళ్లకోసారి కలుస్తాం. 2047 ఇంకా పది సభల దూరంలో ఉంది. ప్రతి సంచికలో ఒక్క పేజీ కేటాయించండి. ఎడమవైపు రెండు రాష్ట్రాలు చెప్పిన అంకెలు, కుడివైపు ఆ ఏటి అసలు అంకెలు: భూగర్భ నీటిమట్టం, కాన్పుల సగటు, అరవై దాటినవారి సంఖ్య, తలసరి ఆదాయం. వ్యాఖ్య అక్కర్లేదు, పొగడ్తా తిట్టూ అక్కర్లేదు. మొదటి పేజీ నేను తయారుచేసి ఇస్తాను. నాతో కూర్చునేందుకు ఇద్దరు కావాలి. విభావరికి వెళ్లేలోగా ఈ వేదిక దగ్గర నన్ను పలకరించండి.

సెలవు.