పాత మట్టికి మళ్ళీ సత్తువ

అడుగున నీళ్ళ అర ఉండి, మొక్క తనకు కావలసినంత పీల్చుకునే కుండీలు మిద్దెతోట పెంచుతున్న మీలో కొందరి దగ్గర ఉండే ఉంటాయి. పంట అయిపోగానే అందులోని మట్టిని దయచేసి పారబోయకండి. అది అలసింది, అంతే.

ఈ కుండీల్లో నీరు కింది నుంచి పైకి పాకుతుంది. పైన ఆవిరైపోతూ, తనతో తెచ్చిన లవణాలను అక్కడే వదిలేస్తుంది. మట్టి మీద తెల్లటి పొర కట్టేది అందుకే. ఉప్పదనమున్న బోరు నీళ్ళయితే మరీనూ. ముందు ఆ పైపొరను అంగుళం మేర గీకి తీసేయండి. మిగతా మట్టిని చిల్లుల బకెట్లో వేసి, పైనుంచి ధారాళంగా నీళ్ళు పోసి కడగండి.

వేళ్ళను ఓసారి చూడండి. టమాటా, వంగ, బెండ వేళ్ళకు బుడిపెలుంటే నులిపురుగులు పట్టినట్టే. ఆ మట్టిలో ఈసారి బంతి వేయండి. మంచి వేళ్ళయితే తుంచి అందులోనే కలిపేయొచ్చు.

నాలుగు పాళ్ళ పాత మట్టికి ఒక పాలు వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి, కొంచెం కొబ్బరిపొట్టు చాలు. ఎరువు ఎంత ఎక్కువైతే అంత మేలనుకుంటారు చాలామంది. ఈ కుండీల్లో అది నీటిని పట్టేసి, వేళ్ళకు గాలాడనివ్వదు. కలిపిన మట్టిని రెండు వారాలు తడి ఆరకుండా నీడన ఉంచి, అప్పుడు తోటకూరో, పాలకూరో చల్లుకోండి.