పొయ్యి పక్క నుంచి రంగస్థలానికి: ఐర్లండ్ సంగీతం, జానపద కథ

ఐర్లండ్ సంప్రదాయ సంగీతానికీ కథనానికీ పుట్టిల్లు పల్లెటూరి వంటగది. చలికాలపు రాత్రుల్లో పీట్ మట్టిగడ్డలు మండే పొయ్యి చుట్టూ ఇరుగుపొరుగు చేరేవారు. ఒకరు ఫిడేలు వాయిస్తే మరొకరు అడుగు వేసేవారు, ఇంకొకరు కథ అందుకునేవారు. అంతవరకు విన్నవారే మరుక్షణం పాడేవారు. ఈ కళ రంగస్థలం ఎక్కినప్పుడు మూడు చిక్కులు ఎదురయ్యాయి. చిన్న గదికి సరిపోయే నాదం పెద్ద హాలుకు చాలదు. తెల్లవార్లూ సాగేదాన్ని రెండు గంటల్లో ముగించాలి. కళాకారుడికీ శ్రోతకూ మధ్య అంతకుముందు లేని గీత గీయాలి. ఐరిష్ కళాకారులూ నిర్మాతలూ శతాబ్దానికి పైగా చేసిన ప్రయోగాలను ఈ మూడు చిక్కులకు వెతికిన జవాబులుగా చూస్తేనే వాటి మంచిచెడ్డలు తేలుతాయి.

ముందుగా వేదికెక్కింది కథ. ఐరిష్ భాషను బతికించడానికి డగ్లస్ హైడ్ తదితరులు 1893లో గేలిక్ లీగ్ స్థాపించారు. హైడ్ రాసిన ఐరిష్ నాటికను 1901లో డబ్లిన్‌లోని గెయిటీ థియేటర్లో ప్రదర్శించారు. పిలవని పేరంటంలా వచ్చిన ఒక దేశదిమ్మరి కవిని సాగనంపడానికి ఊరివారు పన్నిన ఉపాయమే దాని ఇతివృత్తం. గడ్డితాడు పేనమని అతణ్ని పురమాయిస్తారు. పేనుతూ వెనక్కి నడిచి గడప దాటగానే తలుపు వేసేస్తారు. ఆ కవి పాత్రను హైడే ధరించారు. 1904 డిసెంబరులో ప్రారంభమైన అబ్బీ థియేటర్ ఈ బాటను విశాలం చేసింది. నాటక రచయితలు లేడీ గ్రెగరీ గాల్వే పల్లెల్లో, సింగ్ ఆరన్ దీవుల్లో విన్న కథలూ పలుకుబడీ నాటకాలయ్యాయి.

సంగీతం హాలుకు చేరడానికి కారణం వేరు. 1935 నాటి చట్టం బహిరంగ నృత్యాలకు లైసెన్సు తప్పనిసరి చేయడంతో ఇళ్లలో జరిగే ఆటపాటలు సన్నగిల్లాయి. హాలంతా వినిపించడానికి కేలీ (సామూహిక నృత్య) బ్యాండ్లు ఫిడేళ్లకూ ఫ్లూట్లకూ పియానో, డ్రమ్ములు జోడించాయి. నాదం పెరిగింది కానీ, ఒక్కొక్క వాద్యకారుడి గమకాలు ఆ మోతలో కలిసిపోయాయి.

దీనికి విరుగుడు వెతికినవారు షాన్ ఓ రియాడా. 1955 నుంచి 1962 వరకు అబ్బీలో సంగీత దర్శకుడిగా ఉన్న ఆయన, 1960లో బ్రయన్ మెక్‌మాన్ నాటకం కోసం సంప్రదాయ వాద్యకారులను కూడగట్టారు. ఆ బృందమే ‘క్యోల్తోరీ కూలన్’గా స్థిరపడింది. అందరూ ఒకేసారి వాయించే పద్ధతి మానిపించి, ఒక్కొక్క వాద్యానికి వంతు ఇచ్చారు. బౌరాన్ అనే చేతి డప్పును కచేరీ వాద్యంగా నిలబెట్టారు. పాత లోహతంత్రుల హార్ప్ ధ్వనికి దగ్గరగా ఉంటుందని హార్ప్సికార్డ్ వాడారు. ఆ బృందంలో ఇలిన్ పైపులు అనే తిత్తి వాద్యం వాయించిన ప్యాడీ మొలోనీ 1962లో ‘చీఫ్‌టెన్స్’ స్థాపించి ఈ కూర్పును ప్రపంచ వేదికలకు తీసుకెళ్లారు.

కథకుడిని వేదికపై నిలిపినవారు కెర్రీ కౌంటీకి చెందిన నటుడు ఏమన్ కెల్లీ. ఏకపాత్ర ప్రదర్శనల్లో పొయ్యి పక్కన కూర్చున్న కథకుడిగానే కనిపించి, ప్రేక్షకులను ఇంటికొచ్చిన పొరుగువారిలా పలకరించేవారు. మూడో చిక్కుకు ఇది నటుడిచ్చిన జవాబు.

అదే కెర్రీలో ఫాదర్ పాట్ అహెర్న్ ఊరి జీవితాన్నే నాటకం చేశారు. ట్రాలీ పట్టణం కేంద్రంగా 1974లో ఏర్పడిన ‘షీమ్సా తీరె’ ఐర్లండ్ జాతీయ జానపద నాట్యశాల. గడ్డి కప్పు నేయడం, ధాన్యం నూర్చడం, వెన్న చిలకడం వంటి పనుల లయ నుంచే అక్కడ నృత్యం పుట్టింది. ఉత్తర కెర్రీలో నాట్యం నేర్పిన గురువు జెరమయా మోలినో అడుగులు దానికి వ్యాకరణమయ్యాయి. మాటలు తక్కువ కాబట్టి భాష రానివారికీ ప్రదర్శన అందింది. అంతకంటే ముఖ్యం, ఫినూగ్ గ్రామంలో శిక్షణాలయం పెట్టి స్థానిక పిల్లలకు ఈ కళ నేర్పారు.

1994 ఏప్రిల్ 30న డబ్లిన్‌లో జరిగిన యూరోవిజన్ పాటల పోటీ విరామంలో ఏడు నిమిషాల ‘రివర్‌డాన్స్’ నృత్యం ఈ చరిత్రను మలుపు తిప్పింది. నిర్మాత మోయా డోహర్టీ, స్వరకర్త బిల్ వీలన్, ప్రధాన నర్తకులు మైకేల్ ఫ్లాట్లీ, జీన్ బట్లర్. 1995 ఫిబ్రవరిలో జాన్ మెకోల్గన్ దర్శకత్వంలో అది పూర్తి ప్రదర్శనగా ఎదిగింది. ఐరిష్ నృత్య పోటీల్లో చేతులు ఒంటికి అంటుకుని ఉండాలి; ఫ్లాట్లీ వాటికి స్వేచ్ఛనిచ్చారు. బూట్ల సవ్వడిని మైకులు హాలంతా నింపాయి. అయితే పదుల మంది ఒకేసారి అడుగు వేయాలంటే కాలప్రమాణం కచ్చితంగా ఉండాలి. ఇంటి కూడికలో ఫిడేలు వాద్యకారుడు ప్రతి ఆవృత్తిలోనూ బాణీకి కొత్త మెలిక పెట్టగలడు. ఇక్కడ ఆ వెసులుబాటు తగ్గింది. మరోవైపు, ఈ విజయం నృత్యకారులకు పూర్తికాలపు జీవనోపాధి చూపింది.

ఓ రియాడా నాదానికి, కెల్లీ సాన్నిహిత్యానికి, డోహర్టీ బృందం విస్తృతికి ప్రాధాన్యమిచ్చారు. ఒకటి దక్కించుకోవడానికి మరొకటి వదులుకోక తప్పలేదు. కనుక రంగస్థలం జానపదాన్ని పాడుచేసిందా, కాపాడిందా అన్న పాత వాదం దారి చూపదు. వేదిక మీద చూసినవారు తిరిగి వెళ్లి నేర్చుకోవడానికి చోటుందా అన్నదే పరిశోధకులు అడగవలసిన ప్రశ్న. ఐర్లండ్‌లో ఆ చోటు ఉంది. 1951లో పుట్టిన ‘కోల్తస్’ సంస్థ తరగతులు, పోటీలు నడుపుతోంది. 1968 నుంచి పైపుల వాద్యకారుల సంఘం వాద్యాల తయారీని కూడా ప్రోత్సహిస్తోంది. యునెస్కో 2017లో ఇలిన్ పైపుల వాదనను, 2019లో హార్ప్ వాదనను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు పరిగణించిన వాటిలో తరం నుంచి తరానికి సాగే ఈ బోధన కూడా ఉంది. ఆ బోధన ఉన్నంతవరకు రంగస్థలం జానపదానికి మరో చిరునామా మాత్రమే అవుతుంది; అది ఆగిన చోట ఎంత గొప్ప ప్రదర్శనైనా అనుకరణగా మిగులుతుంది.